వలందా దేశము, మా కుంట

మా చిన్ననాట భూగోళశాస్త్రమనగా పేర్ల మూట. దేశము పేరు, రాజధాని పేరు, నది పేరు, పంట పేరు: ఈ నాలుగును తడుముకొనక ఒప్పగించినవాడు బుద్ధిమంతుడు, తడుముకొనినవాడు గోడకుర్చీ వేయవలసినవాడు. మేమును ఇరువది యేండ్లనుండి పాఠములు చెప్పుచున్నాము. మా గురువులయొద్ద పుచ్చుకొనిన ఆ మూటను ముడి విప్పకయే మా శిష్యుల కందించుచు వచ్చితిమి. మా చదువు సంస్కృతము, ఇంగ్లీషు. అయినను పల్లెటూరి పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు సెలవు పెట్టినచో ఆయన తరగతి ఖాళీగా నున్నవారి నెత్తిన పడును గదా. అట్లే క్రిందటి యేడు తొమ్మిదవ తరగతి భూగోళము కొన్ని వారములు మా నెత్తిన పడినది. ఆ కొలది దినములలో ఒక బాలిక అడిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. ఐరోపాలోని ఒక చిన్న దేశమును గూర్చి పుట్టిన ఆ ప్రశ్న మా యింటి వెనుకనున్న కుంటకడకు వచ్చి నిలిచినది.

మా ఊరు ఏన్కూరు. ఖమ్మము జిల్లాలోని సాగునేల తరిగి భద్రాచలము వైపు అడవి మొదలగుచోట నున్నది. ఒక ప్రక్క మిరప, పత్తి, వరి. ఇంకొక ప్రక్క టేకు, ఇప్ప, తునికి, మద్ది. మా తరగతిలో రైతుల పిల్లలతోపాటు కోయగూడెముల పిల్లలును, లంబాడి తండాల పిల్లలును గలరు. సముద్రము చూచినవారెందరని అడుగగా నలువదిమందిలో ముగ్గురు చేతులెత్తిరి. అట్టివారికి సముద్రముకంటె పల్లముగా నున్న దేశమును గూర్చి చెప్పవలెను. ఎచ్చటనుండి మొదలుపెట్టుదుము? కొంత ఆలోచించి నాగులవంచనుండి మొదలుపెట్టితిమి.

నాగులవంచ మా జిల్లాలోనిదే. ఖమ్మమునుండి మధిర వైపు పోవు రైలుమార్గమున చిన్న స్టేషను. మా తరగతిలో ఒక పిల్లవానికి అది మేనమామ ఊరు. "మీ మేనమామ ఊరిలో ఒకప్పుడు తెల్లవారు వర్తకము చేసిరి, తెలియునా?" అని అడిగితిమి. తెలియదనెను. వానికేకాదు, పుస్తకమున చూచువరకు మాకును తెలియదు. 1669 మొదలు 1687 వరకు డచ్చి ఈస్టిండియా వర్తకసంఘమువారు నాగులవంచలో ఒక వర్తకశాలను నడిపిరి. వారి వ్రాతలలో ఆ ఊరి పేరు "నాగెల్‌వాంజె" యని యున్నది. వారి భాషలో నాగెల్ అనగా మేకు. మేకువలె నుండుటచేత లవంగమునకును ఆ పేరే. మన నాగులు అట్లు వారి నోట లవంగములైనవి.

డచ్చివారు మొదట 1605లో మచిలీపట్టణమున దిగిరి. మరుసటి యేడు నిజాంపట్టణమున, 1610లో పులికాటున స్థిరపడిరి. పిమ్మట పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్టణము, గోలకొండ ఒక్కొక్కటిగా వారి వర్తకస్థానములైనవి. నాగులవంచ తీరమునుండి లోతట్టునకు వేసిన అడుగు. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొనెను. ఆ యేటితోనే నాగులవంచలో వారి వర్తకమును ముగిసినది. ఈ తీరమున కొలువు చేసి తిరిగిపోయిన డేనియల్ హావర్టు అనునాయన 1693లో కోరమాండలు తీరమున తమవారి ఉన్నతిని, పతనమును గూర్చి ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. హాలండ యను మాట మన పూర్వుల నోట "వలంద" యైనది. బందరులో నేటికిని వలందపాలెమను పేట గలదు.

వారు మన పల్లె పేరును మూడువందల యేబది యేండ్లక్రిందటనే లెక్కల పుస్తకములలో వ్రాసికొనిరి. వారి పల్లె పేరొక్కటియైన మన అరుగులమీద ఎన్నడైన వినబడినదా? వచ్చినవాడు మనలను తెలిసికొనియే వచ్చినాడు. వానిని తెలిసికొనవలెనను కోరిక మనకు పుట్టలేదు. ఈ మాట తరగతిలో చెప్పినప్పుడు మాకే కొంత సిగ్గైనది. కావున ఆ దేశమును గూర్చి దొరికినంత చదివి, చదివినంత పిల్లలకు చెప్పుట కారంభించితిమి.

ఆ దేశమునకు నెదర్లాండ్సు అని పేరు. పల్లపు నేలలని దాని యర్థము. హాలెండని మనము వాడుకగా ననునది నిజమునకు అందలి పండ్రెండు రాష్ట్రములలో రెండింటి పేరు. ఉత్తర హాలెండు, దక్షిణ హాలెండు అని ఆ రెండు సముద్రపుటొడ్డున నున్నవి. దేశవైశాల్యము ఇంచుమించు 41,500 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణములో మూడవ వంతుకంటె కొంచెము హెచ్చు. అంత చోట ఒక కోటి ఎనుబది లక్షలమంది జనులు ఇరుకుకొని యున్నారు. తూర్పున జర్మనీ, దక్షిణమున బెల్జియము, ఉత్తరమునను పడమటను సముద్రము. రైను, మ్యూజు, షెల్టు అను మూడు నదులు తెచ్చి పోసిన ఒండ్రుమట్టియే ఆ దేశములో పెద్ద భాగము. గోదావరి లంకలను చూచినవారు ఆ నేలను కొంత ఊహింపగలరు. కొండ యనదగినది లేదు. ఐరోపాలోని వారి నేలలో అన్నిటికంటె ఎత్తైన చోటు దక్షిణపు కొసన నున్నది. దాని యెత్తు 322 మీటర్లు. అన్నిటికంటె పల్లమైన చోటు సముద్రమట్టమునకు ఆరు మీటర్లకు మించి దిగువ నున్నది. దేశములో నాలుగవ వంతుకు పైగా నేల సముద్రముకంటె పల్లమే.

అచ్చటి ఆకాశము పెద్దది. అడ్డుకొనుటకు కొండయు లేదు, అడవియు హెచ్చుగా లేదు. మబ్బులు ఎప్పుడును పరుగెత్తుచుండును. పడమటి గాలికి విరామము లేదు. వేసవిలో రాత్రి పది గంటల వేళ సూర్యుడస్తమించును. చలికాలమున సాయంకాలము నాలుగున్నరకే చీకటి పడును. పచ్చిక బయళ్లు, వానిని కోయుచు తిన్నని కాలువలు, పచ్చికలో నలుపు తెలుపు ఆవులు, పొడవు ముక్కులతో నీటిపక్షులు. ఆ దేశమునకు పేరు తెచ్చిన తులిపు పువ్వు ఆ నేలది కాదు. తురుష్కుల రాజ్యమునుండి వచ్చినది. 16వ శతాబ్ది చివర క్లూసియసు అను వృక్షశాస్త్రవేత్త లైడెను విశ్వవిద్యాలయపు తోటలో దానిని పెంచెను. తరువాత ఆ గడ్డల కొరకు జనులు వెఱ్ఱియెత్తి ఒక్కొక్క గడ్డకు ఇల్లు కొనదగిన వెల పలుకునట్లు బేరములాడిరి. 1637 ఫిబ్రవరిలో ఆ బేరము ఒక్కసారిగా కూలినది. పత్తి ధర పొంగి పడుటను చూచిన మా పిల్లలకు ఈ కథ ఎక్కువ వివరింప నక్కఱలేకపోయినది.

ఇక నేల చేసిన కథ. ఆ దేశము పల్లమగుటకు సముద్రమొక్కటియే కారణము కాదు. పూర్వము అచ్చట బురదనేలలు, వానిలో కుళ్లిన గడ్డిదుబ్బుల మట్టి మెండుగా నుండెను. ఆ మట్టిని ఎండబెట్టినచో వంటచెఱకుగా మండును. జనులు సాగుకై కాలువలు త్రవ్వి నీటిని తీసివేయగా నేల కుంగినది. పొయ్యిలోనికై మట్టిని త్రవ్వుకొనగా గోతులు పడినవి. గోతులు చెరువులై, గాలివానకు ఒడ్లు తిని, చెరువులు చిన్న సముద్రములైనవి. తమ చేతులతో తెచ్చుకొనిన పల్లమునుండి తమ చేతులతోనే బయటపడవలసి వచ్చినది. అందుకు గాలిమరలను పూనిరి. చుట్టు కట్ట వేసి, కట్ట వెలుపల కాలువ త్రవ్వి, గాలిమరలతో లోపలి నీటిని మెట్టుమెట్టుగా ఎత్తి ఆ కాలువలో పోయుదురు. అట్లు ఎండగట్టిన నేలకు పోల్డరు అని పేరు. నలువదికి పైగా మరలు త్రిప్పి బేమ్‌స్టరు అను పెద్ద చెరువును 1612లో ఎండగట్టిరి. ఆవిరియంత్రములు వచ్చిన పిమ్మట హార్లెము చెరువును 1852 నాటికి ఖాళీ చేసిరి. నేడు వారి ప్రధాన విమానాశ్రయము ఆ చెరువు అడుగున నున్నది. 1932లో సముద్రమునకు అడ్డముగా 32 కిలోమీటర్ల కట్ట ముగించి ఒక సముద్రపు పాయను మంచినీటి చెరువుగా చేసిరి. అందులో ఎండగట్టిన నేల 1986లో పండ్రెండవ రాష్ట్రమైనది. రాష్ట్రమునకు రాష్ట్రమే నీటి అడుగునుండి లేచినదని మేము చేతులు త్రిప్పుచు వర్ణించితిమి. పిల్లలు నోరు తెఱచి వినిరి.

అప్పుడు వెనుక వరుసలోనుండి, తండానుండి నడిచి వచ్చు ఒక బాలిక లేచి నిలుచున్నది. "సార్, వాళ్లు చెరువు ఎండగట్టి నేల చేస్తే గొప్ప అంటున్నారు. మన దగ్గర చెరువు శిఖం దున్నితే తప్పు అంటారు. రెండూ నీళ్లను నేల చేయటమే గదా సార్?"

తరగతి నవ్వినది. మేము నవ్వలేకపోయితిమి. బదులు చెప్పుటకు నోరు తెఱచితిమి గాని మాట రాలేదు. ఇంతలో గంట కొట్టిరి. "రేపు చెప్పెదము" అని బయటపడితిమి. ఆ రేపు పది దినములకు గాని రాలేదు.

మాట రాకుండుటకు కారణము శాస్త్రము తెలియకపోవుట మాత్రమే కాదు. మా యింటి వెనుక ఒక కుంట గలదు. మా చిన్ననాట దాని నీరు మా దొడ్డిగోడను తాకుచుండెను. మా నాయనగారు బ్రతికి యుండగా కఱవు వచ్చిన ఒక యేట, ఎండిన కుంట అంచున ఎనిమిది గుంటల నేల దున్ని జొన్న చల్లిరి. మరుసటి యేడు నీరు వచ్చుచుండగా చిన్న గట్టు వేసిరి. ఆ గట్టు మఱి తీయబడలేదు. వారి పిమ్మట మా తమ్ముడు అందులో వరి వేయుచున్నాడు. ఆ బియ్యము మా వంటయింటికిని వచ్చుచున్నది. ఇన్నేండ్లుగా దానిని మేము తప్పని తలంపలేదు, ఒప్పనియు తలంపలేదు. అసలు తలంపనే లేదు. బాలిక ప్రశ్న ఆనాడు మా కంచములోని అన్నమును తాకినది.

బదులు దొరకునేమోయని ఆ దేశమును గూర్చి ఇంకను చదివితిమి. మేము ఎదురుచూడని చోట మాకు మిక్కిలి పరిచయమైన పేరు కనబడినది. అబ్రహాము రోజరు అను డచ్చి మతగురువు 1632 మొదలు పదియేండ్లు పులికాటులో నుండెను. అచ్చట పద్మనాభుడను బ్రాహ్మణుని ఆశ్రయించి మన ఆచారములను అడిగి తెలిసికొని వ్రాసికొనెను. ఆయన మరణానంతరము 1651లో ఆ గ్రంథము లైడెనులో అచ్చుపడినది. అందులో భర్తృహరి నీతి, వైరాగ్య సుభాషితములు డచ్చి వచనమున నున్నవి. సంస్కృత వాఙ్మయములో ఐరోపా భాషలోనికి మారి అచ్చెక్కిన మొదటి తునకలలో ఇవి గలవు. మేము బెత్తము దెబ్బలు తిని వల్లించిన భర్తృహరి, ఇంగ్లీషువారికంటె ముందుగా వలందావారి యింట అడుగిడినాడు! ఒక విదేశీయుడు మన అరుగుమీద కూర్చుండి అడిగినాడు, మనవాడొకడు విసుగు లేక చెప్పినాడు. అడుగుటకును చెప్పుటకును నడుమనే విద్య పుట్టుచున్నదని మా కనిపించినది.

మన నేతగాండ్ర పనియు ఆ దేశమున అడుగిడినది. మన తీరమున కలముతో వ్రాసి, చిరివేరు ఎఱుపుతో అద్దిన బట్టలు వారి స్త్రీలకు ప్రాణము. ఉత్తరమున ఫ్రీస్‌లాండు రాష్ట్రములోని హిందెలోపెను అను చిన్న ఓడరేవులో స్త్రీలు ఈ అద్దకపు బట్టతో పొడవైన అంగీలు కుట్టించుకొనెడివారు. అవి నేటికిని అచ్చటి ప్రదర్శనశాలలలో భద్రముగా నున్నవి.

అయితే ఈ వర్తకమునకు ఇంకొక పుట గలదు. దానిని మడిచిపెట్టుట న్యాయము కాదు. 17వ శతాబ్దిలో కోరమాండలు తీరమున కఱవులు వచ్చిన యేండ్లలో, ఆకలికి తాళలేక తమ్మును, తమ బిడ్డలను అమ్ముకొనినవారిని ఈ సంఘమువారు కొని, ఓడలకెక్కించి బటేవియాకును సింహళమునకును తరలించిరి. బట్టల మూటలు పోయిన త్రోవనే మనుష్యులును పోయిరి. ఆ దేశపు రాజు 2023 జులై 1వ తేదీన తమవారు నడిపిన బానిసతనమునకై అందఱి యెదుట క్షమాపణము వేడెను. పోయినవారు తిరిగి రారు. అయినను తాతల తప్పును మనుమడు తన నోట ఒప్పుకొనుట చిన్న పని కాదు. ఈ వాక్యమును చదివి మేము పుస్తకమును మూసి కుంట వైపు చాలసేపు చూచితిమి.

ఆదివారము నాడు మా గృహిణి, "ఆ దేశమువారు ఏమి తిందురో చెప్పక ఎంతసేపు ఆ కట్టలు, మరలు?" అని అడిగినది. న్యాయమైన ప్రశ్నయే. చెప్పితిమి. ఉదయమున రొట్టె, వెన్న. దానిమీద చాక్లెట్టు నలుసులు చల్లుకొని పిల్లలేకాదు, పెద్దలును తిందురు. మధ్యాహ్నమునను రొట్టెయే, జున్నువలె పాలు విఱిచి గట్టిపఱచి నెలల తరబడి మాగబెట్టిన చీజుతో. గౌడ, ఎడాము అను ఊళ్ల పేర్లే ఆ చీజులకు పేర్లు. లైడెను చీజులో జీలకఱ్ఱ వేయుదురు. లవంగములు వేయు చీజును గలదు. సాయంకాలము ఆఱు గంటలకు ఒక్కపూట మాత్రమే వేడి భోజనము. వేసవి మొదట వచ్చు హెరింగు చేపను పొయ్యి మీద పెట్టక, ఉప్పులో ఊరబెట్టి, తరిగిన ఉల్లిగడ్డతో తిందురు. చలికాలమున బఠానీ పులుసు, గరిటె నిలబడునంత చిక్కగా. డిసెంబరు 31వ తేదీన నూనెలో పిండి ఉండలు వేచి చక్కెర చల్లుదురు. మన అతిమధురపు వేరు సారముతో చేసిన నల్లని బిళ్లలను, ఉప్పు కలిపినవి సయితము, వారు చప్పరించినంతగా ఏ దేశమువారును చప్పరింపరందురు. తాము చిరకాలమేలిన ఇండోనేషియానుండి అన్నమును, పలు కూరలును నేర్చుకొని ఆ భోజనమునకు "అన్నపు బల్ల" యని పేరు పెట్టుకొనిరి.

వారి నిత్యభోజనము ఉడికించిన ఆలుగడ్డ, అందులో ఆకుకూర కలిపి మెదిపిన ముద్ద. మా గృహిణి ఆ పూట దానినే చేసినది. వారి ఆకుకూర మాకు దొరకదు గనుక తోటకూర వేసినది. మా అమ్మ ఒక ముద్ద నోట పెట్టుకొని, "జ్వరం పడ్డవాళ్ల కూడులా ఉందేమే?" అన్నది. వెంటనే ఎండుమిరపకాయలతో పోపు పడినది; అందఱమును తింటిమి. ఒక మాట గమనింపదగినది. ఆ ఆలుగడ్డ వారిది కాదు, అమెరికానుండి వచ్చినది. మా మిరపకాయయు మాది కాదు. అదియు అమెరికాదే, పోర్చుగీసువారి ఓడలలో వచ్చినది. నేడు ఖమ్మము మార్కెట్టు మిరపకు పేరుమోసినది. మిరప లేని పచ్చడి మా జిల్లాలో ఊహింపరానిది. ఆ దేశపు చిత్రకారుడు వాన్‌గో 1885లో ఒక పటము వ్రాసెను: గుడ్డిదీపము క్రింద ఒక పేద కుటుంబము ఒకే పళ్లెరమునుండి ఆలుగడ్డలు తినుచుండును. మట్టి త్రవ్విన చేతులే పళ్లెరమున చాచియుండును. ఆ చేతులను చూచినప్పుడు మాకు మిరపతోటలో కాయ కోయువారి చేతులు జ్ఞప్తికి వచ్చినవి.

భోజనమైన పిమ్మట అమ్మతో కుంట మాట ఎత్తితిమి. అమ్మ కొంతసేపు ఊరకుండి, "మీ నాయన ఒక్కడే దున్నాడా? ఒడ్డున నేల ఉన్నవాళ్లంతా దున్నారు," అన్నది. మఱికొంతసేపటికి తానే, "నేను కాపురానికి వచ్చినప్పుడు బతుకమ్మను నడుముల్లోతు నీళ్లలో వదిలేవాళ్లం. మొన్న నీ కూతురు వదిలితే బురదలో కూరుకుపోయింది," అన్నది. మా గృహిణి ఏమియు అనలేదు. అన్నము గిన్నె మూత పెట్టి లోనికి పోయినది. మాకు కావలసిన బదులులో సగము ఆ పూట మా వంటయింట దొరకినది.

మిగిలిన సగము వలందావారి చరిత్రలో దొరకినది. ఆ దేశమున కట్టలను, కాలువలను చూచుటకు 13వ శతాబ్దినుండియు నీటి సంఘములు గలవు. కొన్ని రాజ్యములు పుట్టి గిట్టినవి. ఆ సంఘములు నిలిచినవి. నేడు 21 సంఘములున్నవి. నాలుగేండ్ల కొకసారి ఎన్నికలు జరుగును. నీటి పన్నును వారే వేసి, వారే వసూలు చేసి, కట్టలకే వెచ్చింతురు. పూర్వము ప్రతి రైతునకు కట్టలో ఇంత పొడవని పాలు పంచెడివారు. తన పాలు బాగుచేయలేనివాడు కట్టలో తన పార గ్రుచ్చి నేల విడిచి పోవలెను. ఆ పారను పెఱికినవానికి ఆ నేలయు, దానితోపాటు ఆ కట్ట బరువును సంక్రమించును. కట్ట వేయనివానికి ఊర చోటు లేదని వారిలో ఒక సామెత. నా పొలము మాత్రమే ఎండిన చాలునని అచ్చట ఎవ్వడును అనజాలడు. ఒక్కని గట్టు తెగినచో అందఱి యిండ్లును మునుగును.

ఇది మనకు తెలియని ధర్మమా? కాకతీయుల కాలమున చెరువు త్రవ్వించిన వానికి, కాపాడిన వానికి దశబంధమని మాన్యము లిచ్చిరి. తూము తీయుటకు, అలుగు చూచుటకు ఊరూర నీరటి యుండెను. ఒక చెరువు అలుగు పాఱి దిగువ చెరువు నిండునట్లు గొలుసుగా కట్టిన పెద్దలు మనవారే. ఆ గొలుసులో కడి యూడదీసినవారమును మనమే.

అంతటి వలందావారికిని నీరు బుద్ధి చెప్పినది. 1953 ఫిబ్రవరి 1వ తేదీ తెల్లవాఱుజామున ఉత్తర సముద్రము పొంగి కట్టలను తెంచినది. 1,836 మంది మరణించిరి. అప్పుడు వారు మహానిర్మాణములకు పూనుకొనిరి. ఒక పాయను పూర్తిగా మూసివేయదలచిరి. కాని ఆ ఉప్పునీటిలో బ్రతుకు జీవరాశియు, జాలరుల బ్రతుకును నశించునని జనులు మొఱపెట్టగా, మూయుట మాని, తుపానునాడు మాత్రమే దించు తలుపులు పెట్టిరి; అది 1986లో ముగిసినది. 1995లో నదులు పొంగి ఇంచుమించు రెండున్నర లక్షలమంది ఇండ్లు విడువవలసి వచ్చెను. ఆ పిమ్మట వారు చేసిన పనియే మమ్ము ఆశ్చర్యపఱచినది. కట్టలను ఇంకను ఎత్తుగా పెంచుటతో సరిపెట్టుకొనలేదు. "నదికి చోటు" అని పేరు పెట్టి ముప్పదికి పైగా తావులలో కట్టలను వెనుకకు జరిపిరి, కాలువలను వెడల్పు చేసిరి. తాతలు నీటినుండి తీసికొనిన నేలలో కొంత మనుమలు నీటికి తిరిగి యిచ్చిరి. ఓవర్‌డీపు అను పోల్డరులో రైతులే కూడి ఉపాయము చెప్పిరి: కొందఱు పరిహారము పుచ్చుకొని పోయిరి, మిగిలినవారు మట్టిదిబ్బలు పోయించుకొని వానిమీదికి ఇండ్లను, కొట్టములను మార్చుకొనిరి.

పదియవ నాడు తరగతికి పోయి ఆ బాలికను లేపి ఇట్లు చెప్పితిమి. "అమ్మాయీ, నీ ప్రశ్న సరియైనది. రెండును నీటిని నేల చేయుటయే. భేదము మూడు చోట్ల నున్నది. వారు ఊరందఱు కూడి, లెక్క వ్రాసికొని చేసిరి. మనము ఒక్కొక్కరము ఎవరును చూడని వేళ చేసితిమి. వారు లోపలి నీటికి బయట త్రోవ చూపి చేసిరి. మనము నీటి త్రోవయే దున్నితిమి. వారు లాభముతోపాటు బరువును పంచుకొనిరి. మనము లాభము మనకుంచుకొని బరువు దిగువ ఊరికి వదలితిమి. ఇన్ని చేసినవారును చివరకు కొంత నేలను నదికి తిరిగి యిచ్చిరి." ఆపై ఒక క్షణము తడుముకొని, "మా యింటివారును కుంటలో ఎనిమిది గుంటలు దున్నిరి" అని చెప్పితిమి. ఈసారి ఎవ్వరును నవ్వలేదు. ఆ బాలిక కూర్చుండక, "మరి తిరిగి ఇస్తారా సార్?" అని అడిగినది.

2024 సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి ఖమ్మములో కాలనీలకు కాలనీలే మునిగిన సంగతి మా జిల్లావారెవ్వరును మఱవలేదు. మా బంధువులు ఇంటి కప్పుమీద రాత్రి గడపిరి. నాడు అందఱమును వానను తిట్టితిమి. ఎగువనున్న వేయి కుంటలలో ప్రతిదానికి ఎనిమిదేసి గుంటలు తగ్గినచో ఆ నీరెచ్చట నిలుచునని మేము లెక్క వేయలేదు. ఒక కుంట వరదను ఆపజాలదు, నిజమే. ఒక రైతు పాలి కట్టయు సముద్రమును ఆపజాలదు.

తమ్మునితో మాట్లాడుట తరగతిలో మాట్లాడినంత తేలిక కాలేదు. "అన్నయ్యా, పిల్లల ముందర ఇంటి పరువు తీశావట గదా," అని ఆతడు అలిగినాడు. "నీకు జీతం వస్తుంది, నాకు ఆ ఎనిమిది గుంటలే," అన్నాడు. అందు న్యాయము లేకపోలేదు. పోల్డరు విడిచిన రైతునకు పరిహార మిచ్చిన సంఘము అచ్చట గలదు. ఇచ్చట ఆ సంఘము మేమే కావలసి వచ్చినది. ఏటికి ఆ నేలమీద వచ్చు వడ్ల వెల మా జీతమునుండి ఇచ్చెదమని మా గృహిణియే లెక్క కట్టి చెప్పినది. నాలుగు నెలలు వాదించి, ఈ మృగశిరకు తమ్ముడు తన చేతులతోనే గట్టు తీసినాడు. తక్కినవారు తీయలేదు. ఒకరిద్దఱు మమ్ము చూచి నవ్వుచున్నారు. ఒకరు మాత్రము మొన్న వచ్చి, ఆ వలందావారు పరిహారము ఎట్లు లెక్కకట్టుదురని అడిగి పోయిరి.

వానలు పడినవి. ఎనిమిది గుంటలలో మోకాలిలోతు నీరు నిలిచినది. మా అమ్మ దొడ్డి తలుపు తీసి చూచి, ఏమియు అనక, పీట వేసికొని అచ్చటనే కూర్చుండినది. చదువరులారా, దూరదేశపు భూగోళమును మీ బిడ్డలకు తప్పక చెప్పుడు. వారు దానిని విని మన ఊరిని గూర్చి ప్రశ్న వేసినచో, గంట కొట్టు వరకు కాలము గడపక, బదులు చెప్పుటకు సిద్ధపడుడు.